ఎవరి చేతిపని

ఉడికిన తెల్ల చిక్కుడు గింజల్ని జల్లెడ మీద రుద్దడంతోనే చిజురుకి రోజూ తెల్లారుతుంది. ఆ గుజ్జుని గుడ్డలో మూటగట్టి పిండాలి, చక్కెర వేసి పొయ్యి మీద చెయ్యి ఆపకుండా కలపాలి. భర్త షిగెయోకి మణికట్టు పట్టేసి పదకొండేళ్లు. అప్పట్నుంచీ వాళ్ల కొట్లో మిఠాయిలన్నీ ఆమె చేతివే. పెట్టె మీద పేరు మాత్రం ఆయనది. ఎవరన్నా మెచ్చుకుంటే ఆయన ముందు గదిలో వంగి దణ్ణం పెడతాడు, ఆమె వెనక గిన్నెలు తోముకుంటుంది. "ఎవరు పొగిడినా కాదు కాదు అనాలే, ఆడదానికి అదే అందం" అని కాపరానికొచ్చిన కొత్తలోనే అత్తగారు నేర్పింది. ముప్ఫయ్యేళ్లుగా చిజురు అలాగే అంటూ ఉంది. అనగా అనగా తనకి నిజంగానే ఏమీ చేతకాదేమో అనిపించే రోజులొచ్చాయి. ఆ రోజులంటే ఆమెకి భయం.

ఆ ఆదివారం తేనీరు కాచి వడ్డించే పద్ధతి నేర్పే కువబరా గురువమ్మ ఇంట్లో విందు. మిఠాయిలు వీళ్లవే. ఇద్దర్నీ రమ్మంది.

"నువ్వు నోరు మెదపకు. అడిగితే నేను చెప్తాగా" అన్నాడు షిగెయో, గుమ్మం దాటకముందే.

మిఠాయి తిన్నాక పెద్ద అతిథి దాని పేరేమిటో, ఎవరు చేశారో అడగాలి. ఇంటావిడ చెప్పాలి. అది మర్యాద. పెద్ద అతిథిగా కూర్చున్న ముసలాయన ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"దీని పేరు?"

"మంచు కింద మొలక" అంది గురువమ్మ.

"ఎవరి చేతిపనమ్మా?"

గురువమ్మ చెప్పలేదు. తేనీటి గిన్నె ఎత్తలేకపోతున్న షిగెయో చేతిని చూసింది. "చేసినవాళ్లే చెప్తే బాగుంటుంది" అంది.

"ఏదో, నా చేతనైనంతలో..." మొదలెట్టాడు షిగెయో.

"నేను చేశానండీ" అంది చిజురు.

"మా ఇంటిది లెండి, బుర్ర తక్కువ. పక్కనుండి సాయం చేస్తుంటుంది" అని షిగెయో నవ్వబోయాడు.

ముసలాయన అతని వంక చూడలేదు. "చాలా బాగుందమ్మా."

కాదు కాదు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "అవునండీ, బాగా కుదిరింది. తెల్ల గుజ్జు కింద ఆ పచ్చదనం అంత పల్చగా కనపడ్డానికి నాకు ఆరేళ్లు పట్టింది."

"ఎంత పొగరు!" గొణిగాడు షిగెయో.

"పొగరు కాదయ్యా, జిఫు" అంది గురువమ్మ. "తన పనితనం మీద తనకుండే నమ్మకం. కష్టపడ్డ చేతులకి అది ఉండి తీరాలి."

ఇంటికెళ్లే దారిలో వంతెన దాటారు. దాటగానే ఆయన అందుకున్నాడు. "నలుగురిలో నా పరువు తీశావు కదే!"

"తియ్యలేదండీ" అంది చిజురు. "పదకొండేళ్లు మోశాను. ఇవాళ దించాను."