చివరి పేరా

పేపరు మీద మాస్టారి వేలు పైనుంచి కిందికి జారుతోంది. శీర్షిక, మొదటి వాక్యం, ఆ తర్వాత అంకెలు, మనుషుల పేర్లు. అంతటితో ఆ వార్త అయిపోయినట్టే. వేలు పక్క కాలమ్‌కి వెళ్తుంది. పొయ్యి మీద టీ నీళ్ళు మరిగేలోపు పేపరంతా పూర్తవుతుంది. ఎక్కడో వంతెన కూలిందని తెలుస్తుంది, ఎందరికి దెబ్బలు తగిలాయో తెలుస్తుంది. ఎందుకు కూలిందో తెలియదు. అలాంటివి వార్త చివర్లో రాస్తారు.

"ఇంతకీ ఆఖరికి ఏమైంది?" అని వంటింట్లోంచి భార్య అడిగింది.

ఆవిడ పోయి ఏళ్ళయింది. ప్రశ్న మాత్రం ఇల్లు వదల్లేదు. స్టౌ కట్టేసినప్పుడు, గిన్నె మీద మూత పెట్టినప్పుడు, ఆ చప్పుడు వెనకాలే వినిపిస్తుంది. మాస్టారు ఇప్పుడు ఉలిక్కిపడరు. జవాబూ చెప్పరు. టీ వడపోసుకుని నిలబడే తాగి, గ్లాసు కడిగి బోర్లించారు. ఒక్క గ్లాసు కోసం అంత చోటు ఎందుకని, గిన్నెల స్టాండు ఈమధ్యే అటక మీద పెట్టేశారు.

విదేశాల్లో ఉద్యోగానికో చదువుకో వెళ్ళాలంటే రాయాల్సిన ఇంగ్లీషు పరీక్షకు తయారుచేసే కోచింగ్ సెంటర్లో ఆయన రీడింగ్ చెబుతారు. అంతకుముందు బడిలో ఇంగ్లీషు పాఠాలే చెప్పారు. బడి మూతపడింది. బడిలో కథ చెప్పి ప్రశ్న అడిగేవారు. ఇక్కడ ముందు ప్రశ్న చదవాలి. గంటలో మూడు పాసేజీలు, ఒక్కొక్కటీ రెండు మూడు పేజీలు. కూర్చుని చదివితే గంట చాలదు. అందుకని ప్రశ్నలో ముఖ్యమైన మాట కింద గీత పెట్టి, ప్రతి పేరాలో మొదటి వాక్యం చూసి, ఏ సంగతి ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, నేరుగా అక్కడికే వెళ్ళాలి. తెలియని మాట దగ్గర ఆగకూడదు. జవాబు దొరక్కపోతే వదిలేసి ముందుకు పోవాలి. తమకు తెలిసిన విషయం కాగితంలో లేకపోతే, అది లేనట్టే. ఇవన్నీ ఆయన ఎన్ని బ్యాచ్‌లకు చెప్పారో లెక్క లేదు. చెప్పీ చెప్పీ అది ఆయన చూపైపోయింది. పెళ్ళి శుభలేఖలో తేదీ చూసి పక్కన పెడతారు. ఎవరి పెళ్ళో తర్వాత కనుక్కోవాలి.

భార్య ఉన్నప్పుడు సాయంత్రం కూరగాయలు తరుగుతుంటే ఆ రోజు పాసేజీ సంగతి చెప్పేవారు. ఒకరోజు మంచు వ్యాపారం గురించి చెప్పారు. చలి దేశాల్లో చెరువులు గడ్డకడితే, ఆ గడ్డలు కోసి, రంపపు పొట్టులో పెట్టి, ఓడల్లో ఎండ దేశాలకు పంపేవాళ్ళట. నెలల తరబడి ప్రయాణం. ఆవిడ కత్తిపీట ఆపి, ఆ మంచు చేరిందా, దారిలోనే కరిగిపోయిందా అని అడిగింది.

"ఆ ప్రశ్న ఇవ్వలేదే," అన్నారాయన.

"ఇవ్వకపోతే మనకక్కర్లేదా?"

కాగితం ఆయన చేతిలోనే ఉంది. తిప్పి చూడొచ్చు. రేపు చూద్దాంలే అనుకున్నారు. ఆ రేపటికి ఆవిడ ఆసుపత్రిలో ఉంది, తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆ పాసేజీని ఆయన ఏ బ్యాచ్‌కీ ఇవ్వలేదు. కట్ట అడుగున ఉండిపోయింది.

ఇవాళ దాన్ని బయటికి తీశారు. నర్సు కోసం.

నర్సు ఇప్పటి బ్యాచ్‌లో అందరికంటే పెద్దది. పొద్దున వార్డు డ్యూటీ చేసుకుని, యూనిఫాం మార్చుకోకుండానే వస్తుంది. బయటి దేశం ఆసుపత్రి ఒకటి ఆమెను తీసుకుంటానంది. వినడం, రాయడం, మాట్లాడటం అన్నింటిలో మార్కులొచ్చాయి. రీడింగ్‌లోనే ప్రతిసారీ తప్పుతోంది. రేపు మళ్ళీ పరీక్ష. ఈసారి తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఆమె జబ్బేమిటో మాస్టారికి మొదటి వారమే తెలిసింది. ఆమె చదువుతుంది. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి, వార్డులో కేసు షీటు చదివినట్టు, ఒక్క మాట వదలకుండా చదువుతుంది. రెండో పాసేజీ సగంలో ఉండగా టైమ్ అయిపోతుంది.

"మాస్టారూ, ఆవిడ చేత చదవడం మాన్పించండి బాబూ. వెతుక్కోవడం నేర్పండి," అంటుంది సెంటర్ నడిపే మేడమ్.

ఇంకో జబ్బు కూడా ఉంది. పోయిన వారం మాక్ టెస్టు మధ్యలో వెనక బెంచీ అతనికి ముక్కులోంచి రక్తం కారితే, పేపరు వదిలేసి వెళ్ళి ముక్కు పట్టుకుని కూర్చుంది. అతను తేరుకుని తన పేపరు పూర్తి చేశాడు. ఆమెది సగం ఖాళీ. ఆ రోజు మాస్టారికి కోపం వచ్చింది.

"పరీక్ష హాల్లో పక్కవాడు పడిపోయినా నువ్వు లేవకూడదు. వాళ్ళని చూసుకోవడానికి అక్కడ మనుషులుంటారు. నీ పేపరు చూసుకోవడానికి ఎవరున్నారు?"

ఆమె తల వంచుకుని సరేనంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పుస్తకాల సంచీ తగిలించుకుంటూ, ఆ రోజు పాసేజీలో తేనెటీగలు చివరికి ఆ తోటకి తిరిగొచ్చాయా మాస్టారూ అని అడిగింది. ఆయన బోర్డు తుడిచారు. అప్పటికే శుభ్రంగా ఉన్న చోటే మళ్ళీ తుడిచారు. ఈ అమ్మాయి గట్టెక్కాలి అని అనుకున్నది అప్పుడే.

సెంటర్ రెండో అంతస్తులో ఉంది. మెట్ల మధ్యలో గుండె దగ్గర పట్టేసింది. ఈమధ్య ఇది మామూలైంది. డాక్టరు మాత్రలిచ్చి, నాలుక కింద పెట్టుకోమని, పెట్టుకున్నా తగ్గకపోతే ఎవరినైనా పిలవమని చెప్పాడు. మాస్టారు రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. తగ్గింది. ఇద్దరు విద్యార్థులు పక్కనుంచి వెళ్తూ, టైమ్ మాస్టారే లేటైతే ఎలాగండీ అన్నారు. ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు.

నర్సు ముందు బెంచీలో, గోడ పక్కన కూర్చుంది. చెప్పులు విడిచి పాదాలు నేల మీద ఆనించింది. ఆమె ముందు మాక్ టెస్టు పేపరు పెడుతూ, తలెత్తకూడదని గుర్తుచేశారు.

"మీరు టైమ్ అయిందనే దాకా ఎత్తను మాస్టారూ. ఒట్టు."

మొదలుపెట్టమన్నారు. కాగితాలు తిరిగిన చప్పుడు, ఆ తర్వాత ఫ్యాను చప్పుడు. మాస్టారు ఆమెనే చూస్తున్నారు. ముందు ప్రశ్నలు చదివింది. గీతలు పెట్టింది. కళ్ళు పేరా మొదటి వాక్యం మీద పడి, కిందికి దూకాయి. ఒకచోట ఆగబోయి, ఆగకుండా వెళ్ళింది. మొదటి పాసేజీ అయింది. రెండోది మొదలైంది. తలుపు దగ్గర ఎవరో దగ్గినా ఆమె కదల్లేదు.

రెండోది పూర్తయ్యేసరికి ఆయనకు మళ్ళీ పట్టేసింది. ఈసారి ఎడమ చెయ్యి కూడా లాగింది. మాత్ర నాలుక కింద పెట్టుకున్నారు. తగ్గుతుందిలే అనుకున్నారు. ఎప్పుడూ తగ్గుతుంది. నర్సు పేజీ తిప్పింది. మూడోది మంచు పాసేజీ. ఇంతదూరం ఆమె ఎన్నడూ రాలేదు.

చెమట పట్టింది. మాత్ర కరిగిపోయింది. ఒక్క మాట అంటే చాలు, ఆ అమ్మాయి లేచి వచ్చేస్తుంది. ఒట్టూ గిట్టూ ఏమీ గుర్తుండదు. ఇంకాసేపు ఓపిక పడితే టైమ్ అయిపోతుంది.

"ఏమిటా మొండితనం?" అంది భార్య. ఇల్లు దాటి ఆ గొంతు ఎప్పుడూ ఇంతదూరం రాలేదు.

ధ్యాస మళ్ళించుకోవడానికి మాస్టారు తన ముందున్న కాగితం దగ్గరకు లాక్కున్నారు. వేలు అలవాటుగా అంకెల కోసం జారబోయింది. దాన్ని వెనక్కి తీసుకొచ్చి మొదటి మాట మీద పెట్టారు. చదవడం మొదలుపెట్టారు. చెరువు మీద గుర్రాలు నాగలి లాగినట్టు గీతలు గీయడం, ఆ గీతల వెంట మనుషులు రంపాలతో కోయడం, ఓడ అడుగున పొట్టు పరచడం. ఏ పేరాలో ఏముందో తెలిసిన పాసేజీయే. ఇంతమంది మనుషులున్నారని మాత్రం తెలియదు. చివరి పేరా దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. ఓడ రేవుకొచ్చింది. పొట్టు తీసి చూశారు. దారిలో చాలా కరిగింది. మిగిలింది చూడటానికి ఊరంతా వచ్చింది.

"చేరిందే," అన్నారు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు.

నర్సు చివరి జవాబు రాసి, మొదటినుంచి ఒకసారి సరిచూసుకుంది. ఇంకా టైమ్ అయిందన్న మాట రాలేదు. రెండోసారి చూసుకుంది. వెనకనుంచి ఎవరో, మాస్టారు కునుకు తీస్తున్నారర్రా, ఇంకో పాసేజీ ఇచ్చినా రాసేయొచ్చు అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె తలెత్తలేదు. ఇంకాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు ఎత్తింది.

ఒక్క చూపులోనే ఆమెకు తెలిసింది. కుర్చీలోంచి ఆయన్ని నేల మీదికి దించి, మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీ నొక్కింది. అంబులెన్స్ వచ్చేదాకా నొక్కుతూనే ఉంది. వచ్చినవాళ్ళు ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఇక చాలు సిస్టర్ అన్నారు.

అందరూ కిందికి వెళ్ళాక మేడమ్ పేపర్లు ఏరింది. నర్సు పేపరు నిండా జవాబులున్నాయి, ఒక్కటీ ఖాళీ లేదు. ఇంటికి వెళ్ళి పడుకోమని, రేపు పరీక్ష మానొద్దని మేడమ్ చెప్పింది. నర్సు విన్నదో లేదో.

"నాకు వినబడలేదు మేడమ్. ఇక్కడే ఉన్నాను. మూలుగు కూడా వినబడలేదు," అంది.

ఆయన అసలు శబ్దమే చేయలేదని, చేస్తే అందరికీ వినబడేదని మేడమ్ సముదాయించింది.

నర్సు చెప్పుల కోసం వంగింది. హడావిడిలో ఎవరి కాలో తగిలి ఒక చెప్పు మాస్టారి బల్ల కిందికి పోయింది. దాని పక్కనే ఆయన పెన్సిలు పడి ఉంది. మధ్యలో, రెండు వైపులా, పంటిగాట్లు. చెక్క చీలి, లోపలి నల్లటి ముల్లు బయటపడేంత లోతుగా దిగాయి.