జూరా గుండె పరుగు

జూరా మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, ఊపిరి తీసుకుని, మళ్లీ దిగడం మొదలుపెట్టింది. మెడ ఎముకకు కాస్త కింద, ఎడమవైపు, తపాలా బిళ్ల కన్నా కొంచెం పెద్ద పట్టీ ఒకటి ఆమె చర్మానికి అంటుకుని ఉంది. అది గుండె కొట్టుకునే తీరునూ, ఒంటి కదలికనూ పసిగట్టి, ఆమె జేబులోని ఫోను ద్వారా పైగదిలోని తెరకు పంపుతుంది. అక్కడ అది ఆకుపచ్చ గీతలా పరుగెడుతుంది. ఆ పట్టీతో మామూలుగా బతకడమే జూరా ఉద్యోగం.

"అక్కా, ఆయాసం వస్తోందా?" పైనుంచి ఉర్మాత్ అరిచాడు.

"వస్తే నీ తెరమీద కనబడదూ? కనబడకపోతే ఆ యంత్రాన్ని కిటికీలోంచి పారేయ్!"

జూరాది బలమైన ఒళ్లు. చలిగాలికి కమిలి ఎర్రబడిన బుగ్గలు, పొట్టి వేళ్లు. కుడిచేతి చూపుడువేలు కొన దగ్గర కాస్త వంకర. ఎప్పుడో కుట్టుయంత్రం సూది అందులోంచి దిగిపోయింది. ఈ భవనం బట్టల మిల్లుగా ఉన్న రోజుల్లో ఆమె ఇక్కడే సైనికుల కోట్లకు జేబులు కుట్టేది. జేబులే. ఒక కోటును మొదటినుంచి చివరిదాకా కుట్టే అవకాశం ఆమెకెప్పుడూ రాలేదు. మిల్లు మూతపడ్డాక అదే భవనంలో నేల తుడిచే పనికి కుదిరింది. తల్లి పోయాక ముగ్గురు తమ్ముళ్లను పెంచి, ముగ్గురికీ సంసారాలు కుదిర్చింది. తన పెళ్లిమాట ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

తర్వాత మేరిమ్, ఉర్మాత్ అనే ఇద్దరు ఇంజనీర్లు పైగదులు అద్దెకు తీసుకున్నారు. కొండల్లో గొర్రెలు కాసుకునేవాళ్లకు గుండెజబ్బు ముదరకముందే పట్నం డాక్టరుకు తెలియాలని వాళ్ల తాపత్రయం. పట్టీ ఆ ఇంజనీర్లిద్దరి లేతచర్మం మీద చక్కగా పనిచేసింది. వయసు మీరిన చర్మం మీద ఎలా ఉంటుందో తెలియలేదు. ఎవరు దొరుకుతారా అని వాళ్లు తర్జనభర్జన పడుతుంటే, బకెట్ పక్కన పెట్టి జూరా అంది: "నా గుండె ఖాళీగానే ఉందిగా. దానికి అంటించండి."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే "ఎలా ఉందక్కా నీ గుండె?" అని ఇద్దరు పిల్లలు అడుగుతుంటే ఆమెకు సిగ్గూ, గర్వమూ కలిసి వచ్చేవి.

ఈరోజు ఆఖరి పరీక్ష. మధ్యాహ్నం అనుమతులిచ్చే కార్యాలయం నుంచి కలిపా అనే అధికారి వస్తుంది. గీతలు సరిగ్గా ఉంటే పట్టీని ఆసుపత్రులకు అమ్ముకోవచ్చు. ఇదివరకు రెండుసార్లు చెమటకు జిగురు ఊడిపోయి అనుమతి రాలేదు. ఈసారీ కాకపోతే గదులు ఖాళీ చేయడమే.

మెట్ల పని ముగించి జూరా ఓష్ బజారుకు నడిచింది. శరత్కాలం ఎండ హాయిగా ఉంది. తేనె వరుసలో సగిన్ తన జాడీల వెనక కూర్చుని ఉన్నాడు. మిల్లులో యంత్రాలు బాగుచేసిన మనిషి. భార్య పోయాక అత్‌బాషీ కొండల్లో తేనెటీగలు పెంచుకుంటున్నాడు. ఏటా ఆమె ఇతని దగ్గరే తెల్లతేనె కొంటుంది. ముక్కాలిపీట జరిపి, గిన్నెలో టీ పోసి ఇచ్చాడు. ఆమె సగం తాగి సంచీ తెరిచింది.

"చిన్న జాడీ ఇవ్వు."

"నీకు అమ్మను."

"ఏం, నేనేం పాపం చేశాను?"

సగిన్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "సొంతింటి మనిషికి ఎవరైనా తేనె అమ్ముతారా, జూరా?"

టీ గిన్నె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఇప్పుడే చెప్పొద్దు. సాయంత్రం ఫోన్ చేస్తాను," అన్నాడతను జాడీలతో మాట్లాడుతున్నట్టు.

ఆమె తిరిగి వచ్చేసరికి కలిపా తెరముందు కూర్చుని ఉంది. బూడిదరంగు కోటు, గొలుసుకు వేలాడే కళ్లద్దాలు. మేరిమ్ ముఖం పాలిపోయి ఉంది.

"చూడక్కా, ఇక్కడ. ఒళ్లు కదలకుండా కూర్చున్నావు. గుండె మాత్రం గుర్రప్పందెంలో ఉన్నట్టుంది!"

"కూర్చున్న మనిషి గుండె ఊరికే ఇలా పరుగెత్తదు," అంది కలిపా. "పట్టీదైనా తప్పయి ఉండాలి, ఈమెకు జబ్బయినా ఉండాలి. నేను సంతకం పెట్టలేను."

మేరిమ్ పెదవి కొరుక్కుంటోంది. ఆ పిల్ల ఏడవడం జూరా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడూ చూడదలుచుకోలేదు.

"జబ్బు కాదమ్మా," అంది, చెవులు వేడెక్కుతుండగా. "బజార్లో ఒకాయన... తేనె అమ్మనన్నాడు."

"దానికే అంత కోపమా అక్కా?" అన్నాడు ఉర్మాత్.

"కోపం కాదురా, మొద్దూ!"

మేరిమ్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

కలిపా కళ్లద్దాలు తుడుచుకుంది. "మాట మీద అనుమతి ఇవ్వలేను. ఆసుపత్రుల్లో గుండె గీతలు తీసే యంత్రం కూడా పెట్టండి. రెండూ పక్కపక్కన చూస్తాను."

జూరాను బల్లమీద పడుకోబెట్టి, చేతులకూ కాళ్లకూ తీగలు తగిలించారు. రెండు గీతలూ ఒకేలా, నింపాదిగా నడిచాయి. కిటికీ బయట పొద్దు వాలింది. కలిపా చాలాసేపు చూసింది. జిగురు ఊడలేదు. అయినా పెదవి విరిచింది. "నింపాదిగా ఉన్నప్పుడు ఏ పట్టీ అయినా బాగానే చూపిస్తుంది."

అప్పుడు జూరా జేబులో ఫోను మోగింది.

రెండు గీతలూ ఒక్కసారే ఎగిరాయి. ఒకే ఎత్తుకు, ఒకే జోరుతో. ఉర్మాత్ కేక పెట్టి ఎగిరి గంతేశాడు. కలిపా తెరనుంచి కళ్లు తిప్పకుండానే చెయ్యి ఊపింది. "ముందు ఫోను ఎత్తమ్మా. పాపం, అవతలి మనిషికి పట్టీ కూడా లేదు."

తీగల మధ్య పడుకునే జూరా ఫోను చెవికి పెట్టుకుంది. చాలాసేపు వింది. తర్వాత, "సరే," అంది. "అమ్మొద్దులే."

కలిపా కలం తీసింది.

పట్టీల మొదటి పెట్టె కొండల ఆసుపత్రులకు బయలుదేరిన వారంలోనే సగిన్ పాతకారు భవనం ముందు ఆగింది. మేరిమ్ పట్టీని మెల్లగా ఊడదీసింది. కింద చర్మం గులాబీరంగులో ఉంది.

"ఆయన కొండల్లోనూ ఒకటి పెట్టుకోరాదూ, అక్కా?"

"ఎందుకే? నా గుండె గంతేసినప్పుడల్లా మీరిద్దరూ ఇక్కడ పళ్లికిలించడానికా?"

జూరా నవ్వుతూ మెట్లు దిగింది. ఈసారి మళ్లీ ఎక్కలేదు. కారు మలుపు తిరిగేదాకా మేరిమ్ కిటికీ దగ్గరే నిలబడింది. కిటికీ గట్టు మీద, ఎండ పడే చోట, జూరా పని మధ్యలో రోజూ నమిలే ఎండబెట్టిన పెరుగు ఉండ ఒకటి సగం కొరికి వదిలేసి ఉంది. తెల్లటి ఆ ఉప్పు ఉండమీద జూరా పళ్లగుర్తులు వరుసగా, కుట్లలా, ఇంకా పదునుగానే ఉన్నాయి.