గూళ్ళ మీద ఎండ

జానకిరామయ్య మాస్టారికి కొంగలంటే ప్రాణం. మెచ్చుకోలంటే అంతకన్నా ప్రాణం. ఈ రెండో సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ ఆదివారం దాకా ఆయనకూ సరిగా తెలియదు.

పెదకాకాని అవతల ఉన్న ఆయన ఊరి చెరువులో ఏటా చలికాలానికి వేల కొంగలు, గూడబాతులు దిగి, నీళ్ళలోని తుమ్మచెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటి కోసం ఊరు దీపావళికి టపాకాయ కాల్చదు. చెరువు పక్కనే ఇల్లున్న సుబ్బరావమ్మ అయితే, కూతురి పెళ్ళి ఊరేగింపులో మేళాన్ని గట్టు మొదట్లోనే ఆపించి మగపెళ్ళివారి చేత మాటలు పడింది. ఈ కట్టుబాట్లన్నీ దగ్గరుండి పెట్టించింది మాస్టారే. బడి నుంచి రిటైరయ్యాక, వచ్చినవాళ్ళకు పక్షుల్ని చూపించడమే ఆయన పని. పైసా పుచ్చుకోడు. "ఎంత బాగా చూపించారండీ" అంటే చాలు, ఆ వారమంతా కడుపు నిండినట్టే ఉండేది.

2004 జనవరిలో ఆ ఆదివారం గుంటూరు నుంచి డాక్టర్ ప్రేమ్‌చంద్, భార్య రాగసుధ వచ్చారు. పొద్దున్నుంచీ మాస్టారు వాళ్ళను మిరపచేల గట్ల వెంట తిప్పి, తీగ మీద పాలపిట్టను, పత్తిచేలో కముజుపిట్టను చూపించాడు. మధ్యాహ్నానికి చెరువు గట్టు మీదికి తెచ్చాడు. ముగ్గురూ చెట్టు నీడన కూర్చుని వాళ్ళు తెచ్చిన క్యారియర్ విప్పారు.

పులిహోర తింటూ ప్రేమ్‌చంద్ మాట వరసకు అన్నాడు: "నేను స్కాట్లండులో పనిచేసేటప్పుడు ఓ దీవికి వెళ్ళామండీ. అక్కడి గైడు ఒక్క రోజులో గద్దలు, సీల్ చేపలు, నీటికుక్కలు అన్నీ చూపించాడు. సముద్రం మీద అంత పెద్ద గద్ద రెక్కలు విప్పి లేస్తే, అబ్బ! ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది."

"ఇక్కడా బాగుందిగా," అంది రాగసుధ.

"బాగానే ఉంది."

ఆ 'బాగానే' మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. కంటితో చూడని, పేరైనా తెలియని ఆ గైడు దొర మీద ఒళ్ళు మండిపోయింది. ఇన్ని వేల పక్షులుండి ఏం లాభం, చెట్లకు అతుక్కుని కూర్చుంటే? రెక్కల అందం తెలిసేది లేచినప్పుడే కదా.

"ఇప్పుడు చూడండి," అని ఖాళీ గిన్నె ఒకటి అందుకుని గరిటెతో ఠంగుఠంగున బాదాడు.

చెరువు చెరువంతా లేచింది. నెత్తిన ఆకాశం కనిపించలేదు. రాగసుధ నోరు తెరిచి చూస్తోంది. ప్రేమ్‌చంద్ మాత్రం కెమెరా ఎత్తలేదు.

"మాస్టారూ, గూళ్ళలో పిల్లలున్నట్టున్నాయే," అన్నాడు మెల్లగా.

ఉన్నాయి. ఈకలైనా రాని పసికూనలు. మిట్టమధ్యాహ్నపు ఎండకు తల్లి రెక్క అడ్డం లేకపోతే అవి బతకవని ఏటేటా బడిపిల్లలకు చెప్పింది ఆయనే. అప్పటికే కాకులు గూళ్ళ మీద వాలుతున్నాయి. కాస్త ఎదిగిన పిల్లలు బెదిరి, ఒకదాన్నొకటి తోసుకుని నీళ్ళలో పడుతున్నాయి. మాస్టారు గిన్నె, గరిటె పారేసి, కండువా ఊపుతూ కాకుల్ని తోలబోయాడు. దాంతో దిగబోయిన తల్లులు కూడా మళ్ళీ పైకి లేచాయి. ఇక చేతులు ముడుచుకుని నిలబడడమే మిగిలింది. ఇంత పాపం ఇంత తేలిగ్గా చేసెయ్యవచ్చని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

చప్పుడు విని ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన సుబ్బరావమ్మ నేరుగా నీళ్ళలో దిగింది. తేలుతున్నవాటిలో ప్రాణమున్నది ఒక్కటే దొరికితే, దాన్ని కొంగులో పెట్టుకుని గట్టెక్కింది. ప్రేమ్‌చంద్ కాళ్ళ దగ్గర దొర్లుతున్న గిన్నె చూసి అతని మీద విరుచుకుపడింది.

"ఏమయ్యా, చదువుకున్నోళ్ళేగా మీరు? గిన్నెలు వాయించి ఆడుకోటానికి ఇదేమన్నా మీ పెరడా? పసిగుడ్లయ్యా అయ్యి! మా మాస్టారు మెత్తనోడు గనక ఊరుకున్నాడు!"

ప్రేమ్‌చంద్ మాస్టారి వంక చూశాడు. మాస్టారు తల దించుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు ప్రేమ్‌చంద్.

అక్కడితో అయిపోయేదే. వీళ్ళు సాయంత్రానికి కారెక్కి వెళ్ళిపోతారు, ఊళ్ళో మాస్టారి పేరు అలాగే ఉంటుంది. ఆ ఆలోచన రాగానే ప్రాణం హాయిగా అనిపించింది. అలా హాయిగా అనిపించినందుకే ఆయనకు తన మీద తనకు రోత పుట్టింది.

సుబ్బరావమ్మ పిల్లను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "మీ దగ్గరైతే బతుకుద్ది మాస్టారూ. ఇంకెవరినీ నమ్మలేను."

పిల్ల ఒళ్ళంతా వణుకుతోంది.

"వాళ్ళు కాదమ్మా," అన్నాడు. "గిన్నె వాయించింది నేను."

"మీరా?"

"నేనే."

"ఎందుకు మాస్టారూ?"

ఎక్కడో సముద్రాల అవతలి మనిషితో పంతానికి పోయానని ఎలా చెప్పడం? "మెచ్చుకుంటారని," అన్నాడు.

సుబ్బరావమ్మ తిడుతుందని చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ ఆయన చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. ప్రేమ్‌చంద్ దగ్గరికి వెళ్ళి, "ఏమనుకోమాకండి బాబూ, కాస్త మీరు పట్టుకోండి," అని దాన్ని అతనికి అందించింది.