చిటికెన వేలి గుట్టు

కాజాల మాస్టారి కుడిచెయ్యి వణకడం మొదలై తొమ్మిదేళ్ళయింది. కోటుకు చేత్తో కాజాలు కుట్టాలంటే ఆయన తర్వాతే ఎవరైనా అని పేరు తెచ్చుకున్న దర్జీకి అంతకంటే శాపం ఇంకేముంటుంది? మందులు వాడితే నిద్ర వచ్చింది గాని వణుకు పోలేదు. చివరికి డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. తలకు చిన్న రంధ్రం చేసి, మెదడులోకి సన్నటి తీగ దింపి, దాని గుండా కొద్దిగా కరెంటు పంపితే చెయ్యి నిలబడుతుందట.

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదే," అన్నాడు మాస్టారు.

"గోకేది మీరు కాదుగా, ఆవిడ. ఆవిడకి పని తెలుసు," అంది భార్య. ఆ ఇంట్లో చివరిమాట ఎప్పుడూ ఆమెదే.

ముందుగా స్కానింగ్ తీశారు. చెవులు చిల్లులు పడేలా మోగే గొట్టంలో ముప్పావుగంట కదలకుండా పడుకున్నాడు. తర్వాత డాక్టరమ్మ ఆయన మెదడును తెరమీద చూపించింది. బూడిదరంగు మధ్యలో నీలంగా దారప్పోగుల్లాంటి గీతలు.

"మీ వణుకు ఈ దారి వెంటే నడుస్తోంది మాస్టారూ. అందరికీ ఒక్కచోట ఉండదిది. అందుకే మీ బొమ్మ చూసుకునే తీగ దింపుతాం."

"అంతే కదమ్మా! ఎవరి భుజం వారిది. ఒకరి కొలతలకి ఇంకొకరి కోటు కుడతామా?" అన్నాడాయన. ఆమె మీద గురి కుదిరింది అప్పుడే.

ఆపరేషన్ రోజున తలకు ఫ్రేము బిగించి, చర్మానికి మాత్రం మత్తిచ్చి, మనిషిని మెలకువగానే ఉంచారు. తీగ దించి కరెంటు ఇచ్చాక నర్సు ఒక అట్ట పట్టుకుని, దానిమీది కాగితంపై గుండ్రంగా చుట్లు గీయమంది. గీశాడు. ఒక్క వంకర లేదు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

డాక్టరమ్మ మాత్రం అప్పుడే తీసిన స్కానింగ్ బొమ్మను వదలకుండా చూస్తోంది. "తీగ నీలం దారికి రెండు మిల్లీమీటర్లు పక్కన పడినట్టుంది. చెయ్యేమో బాగుందంటోంది. మీకెలా ఉంది మాస్టారూ?"

అప్పటికే ఆపరేషన్ మొదలై నాలుగు గంటలైంది. బాగుందంటే ఈ గండం గట్టెక్కుతుంది. కాదంటే తీగ పైకి లాగి మళ్ళీ దించాలి. బాగుందనడానికి నోరు తెరిచినవాడల్లా తన చెయ్యి చూసుకున్నాడు. చిటికెన వేలు అట్టమీద ఆని ఉంది.

కాజా కుట్టేటప్పుడు ఆయన చిటికెన వేలు గుడ్డమీద పాతుకుంటుంది. మిగతా చెయ్యి దాని ఆసరాతోనే ఆడుతుంది. ఈ తొమ్మిదేళ్ళూ ఖాతాదార్ల ముందు సగం వణుకును కప్పిపుచ్చింది ఆ వేలే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్నారు. పిలవకుండానే అది ఇక్కడికీ వచ్చింది. ఆయనకు సిగ్గేసింది, భయమూ వేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే బతికినన్నాళ్ళూ ఆ వేలిమీదే బతకాలి.

"అమ్మా, వేలు ఆనించి గీశాను. మా పనివాళ్ళ అలవాటు. కావాలని చెయ్యలేదు."

"అయితే వేలు పైకెత్తి గీయండి."

గీశాడు. కాగితం కోడి కెలికినట్టయింది. డాక్టరమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "బొమ్మ నిజమే చెప్పింది. మంచిపని చేశారు, చెప్పారు."

తీగ తీసి, రెండు మిల్లీమీటర్లు జరిపి దించారు. మళ్ళీ బొమ్మ తీశారు. ఈసారి తీగ నీలం దారిలోనే ఉంది. చిటికెన వేలు గాలిలో ఉంచి మాస్టారు గీశాడు. మొదటి చుట్టు, రెండోది, మూడోది... కలం తొణకలేదు. నమ్మకం కుదరక ఇంకోటి గీశాడు. తల కదిలే వీల్లేక కన్నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే నర్సు తుడిచింది.

"మీ చేతికి దండం తల్లీ. నా చెయ్యి నాకిచ్చారు," అన్నాడు.

నెల తిరిగాక, ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని కోటు ముందేసుకున్నాడు. భార్య వచ్చి ఎప్పటిలాగే గుడ్డ కదలకుండా పట్టుకోబోయింది.

"ఇన్నేళ్ళు పట్టుకున్నావు. నీ రుణం ఈ జన్మకి తీరదు. ఇవాళ కూర్చుని చూడు."

ఆమె కూర్చుంది. కాజా పూర్తయ్యాక కోటు అందుకుని, వెలుతురుకు పట్టి, గోటితో కుట్లు తడిమింది.

"మూడో కుట్టు వదులుగా ఉందండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"విప్పి మళ్ళీ కుడతా," అన్నాడు మాస్టారు. "ఎన్నిసార్లయినా కుడతా."