నిండిన బుగ్గలు

సౌజన్యకు ఏడో ఏట మొదలైన మూర్ఛలకు కారణం ఎవరికీ దొరకలేదు. తల స్కానింగులో ఏ లోపమూ లేదు. మందులెన్ని మార్చినా పిల్ల పడిపోవడం మానలేదు. చివరికి 2008లో హైదరాబాదు డాక్టరు ఆమె నెత్తురు తీసి దూరపు ల్యాబుకు పంపించాడు.

"రోగాలతో పోరాడవలసిన యాంటీబాడీలే పాప మెదడు మీద పడ్డట్టున్నాయి," అన్నాడు రిపోర్టు చూసి. "స్టెరాయిడ్ మాత్రలు రాస్తున్నాను. మళ్ళీ నేను చూసి తగ్గించేదాకా ఒక్కపూట కూడా ఆపొద్దు."

"ఇగ తక్కువైతది గద సార్?" అడిగింది తల్లి ప్రేమల.

"కావచ్చు. కచ్చితంగా చెప్పలేనమ్మా. ఇవే కారణమో, ఇంకేదైనా ఉందో, మాకూ పూర్తిగా తెలియదు."

నిజాయితీ గల ఆ సందేహం తల్లి చెవికి చేతగానితనంలా వినిపించింది. అయినా మాత్రలు వేసింది. నెల తిరిగేసరికి మూర్ఛలు ఆగాయి. బాన్సువాడ శివారులోని ఆ ఇంట్లో పిల్ల నవ్వు మళ్ళీ వినబడింది. ఎముకలు తేలిన ముఖం గుండ్రంగా నిండింది. ఇంకా పెట్టమని గిన్నె పట్టుకొని తల్లి వెంట తిరగసాగింది.

"ఏం బెట్టి సాదుతున్నవే ప్రేమలా? బుగ్గలు బూరెల్లెక్క పొంగినై!" పక్కింటి లస్మవ్వ పిల్ల బుగ్గ గిల్లింది. "రోగమున్న పిల్ల గిట్లుంటదా? ఇంకా గా గోలీలెందుకు?"

ఆ మాత్రలకు ముఖం ఉబ్బుతుందని డాక్టరు చెప్పే ఉన్నాడు. కానీ ఉబ్బుకూ బలానికీ తేడా ప్రేమలకు కనబడలేదు. కనబడాలని ఆమె కోరుకోనూ లేదు.

మాత్రలు అయిపోయే వారంలోనే వాళ్ళ చేలో చెరకు నరకడానికి చక్కెర ఫ్యాక్టరీ నుంచి వంతు వచ్చింది. వంతు తప్పితే పంట చేలోనే ఎండిపోతుంది.

"నరుకుడు అయినంక హైదరాబాద్ పోదం," అన్నాడు ఆమె భర్త పండరి. "మంచిగనే ఉన్నది గద, గిప్పుడేం ఫికర్?"

"బస్టాండు కాడ మందుల షాపుల అడుగరాదు?"

"అడుగుత తియ్యి."

అతడు అడగలేదు. ఆమె గుర్తు చేయలేదు.

నరుకుడు ముగియకముందే, ఒకనాడు ఉదయం స్నానం చేయిస్తుండగా, సౌజన్య తల్లి చేతుల్లోనే బిగుసుకుపోయింది. ఒక మూర్ఛ వదలకముందే మరొకటి పట్టింది. బాన్సువాడ దవాఖానలో సూదులు వేశారు, లొంగలేదు. నిజామాబాదుకు, అక్కడినుంచి హైదరాబాదుకు తరలించారు. మూర్ఛలు అదుపులోకి వచ్చి పిల్ల కళ్ళు తెరిచేసరికి చాలా రోజులు గడిచాయి.

"గా గోలీలే మళ్ల ఏస్తే ముందటి లెక్క అయితది గద సార్?" ప్రేమల డాక్టరును అడిగింది.

"వేస్తున్నామమ్మా. ఇకముందు కలిగే నష్టాన్ని అవి ఆపవచ్చు. మెదడుకు జరిగిపోయిన నష్టాన్ని తీర్చలేవు."

ప్రేమల మంచం పక్కన కూర్చుని గంజి చెంచాతో అందించింది. "సౌజీ, నేను బిడ్డా. అమ్మను."

చెంచా తగలగానే పిల్ల నోరు తెరిచింది. కళ్ళు మాత్రం తల్లి ముఖం మీదుగా కిటికీ వైపు జరిగి, అక్కడా నిలవలేదు.

"గుర్తువట్టిందా?" గుమ్మం దగ్గరే ఆగిపోయిన పండరి అడిగాడు.

ప్రేమల పిల్ల గడ్డం మీద కారిన గంజిని కొంగుతో తుడిచింది.

"వట్టింది," అంది, అతడి వైపు తిరగకుండా.