తోటికోడలికి ఎర్రగీత

ఆ ఇంటి కోడళ్ళిద్దరూ వంటచేసి, క్యారేజీలు కట్టి ఆఫీసులకు పంపుతారు. ఆర్డర్లన్నీ ఇంగ్లిష్‌లో వస్తాయి కాబట్టి సాయంత్రం క్లాసులో చేరారు. టీచరుది ఒకటే పద్ధతి. ఫోన్లో క్లాసు పేజీ ఉంటుంది. అందులో తలా నాలుగు ముక్కలు రాయాలి, ఒకరు రాసింది ఇంకొకరు పైకి చదవాలి. తప్పు రాస్తే మాట కింద ఎర్రగీత పడుతుంది, దాన్ని నొక్కితే ఫోనే దిద్దిపెడుతుంది. ఎర్రగీత కనిపిస్తే చాలు, పెద్దకోడలికి పొయ్యి మీద పాలు పొంగినంత కంగారు. చూడకుండా నొక్కేసేది.

చిన్నకోడలు వేరు కాపురం పెట్టబోతోంది. "ఈ ఇంట్లో నన్ను పనిమనిషి కింద జమకట్టేశారు" అని మొగుడితో అంటుంటే పెద్దకోడలి చెవిన పడింది. మనసు చివుక్కుమంది. ఉండిపొమ్మని అడగాలని ఉంది. తీరా ఎదురుపడితే "ఉప్పు చూశావా, మూతలు బిగించావా" అనే వచ్చేది. ఆ నోరే అంత.

అందుకని క్లాసు పేజీలో రాసింది. నా కో-సిస్టర్ వెళ్ళిపోతోంది, తను లేకపోతే వంటింట్లో నాకు చెయ్యి విరిగినట్టే అని. తోటికోడలిని మనం కో-సిస్టర్ అంటాం. పాపం, ఫోన్‌కు ఆ చుట్టరికం తెలియదు. ఆ మాట కింద ఓ గీత, విరిగిన చెయ్యి కింద ఓ గీత. రెండూ నొక్కేసి పనిలో పడింది.

మర్నాడు పెద్దకోడలికి క్లాసుకు వెళ్ళే తీరిక దొరకలేదు. ఆమె రాసింది చిన్నకోడలే చదివింది, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ. "మై కోవర్కర్ ఈజ్ లీవింగ్. ఐ నీడ్ హెల్ప్ ఇన్ ది కిచెన్." నాతో పనిచేసే మనిషి వెళ్ళిపోతోంది, వంటింట్లోకి మనిషి కావాలి. ఒక్క తప్పూ లేదని టీచరు మెచ్చుకుంది.

ఆ వారమే సామాను కదిలింది. గది ఖాళీ అయ్యాక పెద్దకోడలు పేజీ తెరిచింది. తన ముక్కల కింద చిన్నకోడలి జవాబు ఉంది. మీకు మంచి పనిమనిషి దొరకాలని కోరుకుంటున్నాను అని. ఇదేమిటో అర్థంకాక, తను రాసింది తను మొదటిసారి చదువుకుంది. చదవడం అప్పటికి బాగానే వచ్చింది.

వెంటనే ఫోన్ చేసింది. "నిన్ను పనిమనిషని అంటానటే? అది ఫోన్ దిద్దిన మాట. నేను తోటికోడలనే రాశాను. నువ్వు లేకపోతే చెయ్యి విరిగినట్టే అని రాశాను."

"ఆ ఒక్క ముక్క చెప్పుంటే ఉండిపోయేదాన్నక్కా," అంది చిన్నకోడలు. "ఇంగ్లిష్‌లో ఎందుకు రాశావు? మనిద్దరికీ తెలుగు రాదా?"