మధ్యలో లేవకుండా

"ముట్టుకోకు బిడ్డా, మీ అమ్మ బయటున్నది" అంది మా అత్త గంగుబాయి.

బడిసంచి పారేసి నా వైపు పరుగెత్తుకొస్తున్న సహస్ర నేనున్న అర్ర గుమ్మం ముందే ఆగిపోయింది. ఒకటో తరగతి పిల్ల. చాచిన చేతులను ఏం చేయాలో తెలియక వెనక్కి కట్టుకుంది. నాకు గుండె కలుక్కుమంది. ఆ వెంటనే, ఆ కలుక్కుమన్న చోటే, ఒక హాయి. ఇక పిల్ల ఒళ్లోకి రాదు. అన్నం తినిపించమనదు. హోంవర్కు వాళ్ల నాన్న చూస్తాడు. ఈ రెండింటిలో ఏది ముందు వచ్చిందని నన్ను నేను చాలాసార్లు అడిగాను. జవాబు తెలిసిపోతుందనిపించిన ప్రతిసారీ ప్రశ్న మార్చేశాను.

నిజామాబాద్‌లో మా ఇంటి మెట్ల పక్కన ఒక చిన్న అర్ర ఉంది. మా అత్త బీడీలు చుట్టిన కాలంలో తునికాకు కట్టలు అక్కడ పెట్టేది. ఇప్పటికీ వర్షం పడితే గోడల్లోంచి పొగాకు వాసన వస్తుంది. నెలకు మూడు రోజులు నేను ఆ అర్రలో ఉంటాను. ఒక చాప, వేరే కంచం, వేరే గ్లాసు. పెళ్లైన కొత్తలో డిగ్రీ పట్టా ఉన్న నేను అక్కడ కూర్చుని ఏడ్చాను. మా ఆయన సురేందర్‌ని అడిగితే, "మా అవ్వ మనసు నొప్పిచ్చుడెందుకు జ్యోతీ, మూడు రోజులే గదా" అన్నాడు. ఆ మూడు రోజులూ బోధన్ బస్సెక్కి ఉద్యోగానికి మాత్రం వెళ్లొచ్చు. వంటింటికి ఉన్న మైల జీతానికి లేదు.

బోధన్‌లో నేను పనిచేసేది ట్రాక్టర్లకు అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ ఆఫీసులో. మా మేనేజర్ వేణు నాకంటే చిన్నవాడు, ఎంబీఏ చేసి నేరుగా ఆ కుర్చీలోకి వచ్చాడు. ఏ రైతుకు ఇవ్వొచ్చో, ఎవరికి ఈ పంట దాకా ఆగాలో నేను చూసి చెబుతాను. "మేడం, మీరు ఓకే అన్నరంటే సాలు, నేను కండ్లు మూసుకొని సంతకం వెడ్త" అంటాడు. మర్యాదస్తుడే. ఒకరోజు అలా కళ్లు మూసుకుని సంతకం పెట్టి, తలెత్తి, "చాయ్ చెప్పరా మేడం" అన్నాడు. చెప్పాను. చాయ్ తాగుతున్న అతణ్ని చూస్తూ, ఇతను చదివింది నేనూ చదవగలను కదా అనుకున్నాను. అంత మామూలుగా మొదలైంది.

అదే ఏడు ఎవరికీ పెద్దగా చెప్పకుండా ఎంబీఏ సీటు కోసం క్యాట్ రాశాను. వచ్చిన పర్సెంటైల్‌కి ఏ కాలేజీ నుంచీ పిలుపు రాలేదు. సురేందర్ నవ్వాడు, వెక్కిరింపుగా కాదు, ప్రేమగానే. "పోనీతీ, సర్దా కోసం రాసినవు గదా." సర్దా. ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. నాకు కావలసింది మేనేజర్ కుర్చీ అనే అప్పుడు అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. బస్సు ఎడపల్లి దాటాక చెరుకు బండి ఒకటి అడ్డం పడి ఆగిపోతే, కిటికీలోంచి చూస్తూ నేను ఊహించుకునేది ఉద్యోగాన్ని కాదు. ఒక తరగతి గది. అందులో చివరి బెంచీ. ఎవరో ఏదో చెబుతుంటే నేను వింటూ ఉంటాను, విన్నదాని గురించి ఆలోచిస్తాను, ఆ ఆలోచన చివరిదాకా వెళ్తుంది. మధ్యలో నన్నెవరూ లేపరు. అంతే నా కల. దీన్ని కల అని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉండేది.

మళ్లీ రాయాలనుకున్నాను. స్కోరు పెరగాలంటే మాక్ టెస్టులు రాయాలి. ఒక్కో టెస్టు రెండు గంటలు, ఏకబిగిన. ఇంట్లో ఎన్ని మొదలుపెట్టానో! కుక్కర్ కూత, పాలవాడి గంట, "జ్యోతీ, నా చార్జర్ యాడున్నది?" ఏదో ఒకటి. ఎవరూ పిలవకపోయినా అంతే. నా చెవులు నాకంటే ముందే లేచి వంటింట్లోకి వెళ్లేవి. ఏళ్ల తరబడి పిలుపు కోసం కాచుకున్న మనసు, పిలుపు లేనప్పుడు దాన్ని తానే పుట్టించుకుంటుంది. లెక్క సగంలో ఉండగా ఎవరో పిలిచారనిపించి లేచి వెళ్లేదాన్ని. "ఎవలు విలిచిండ్రే?" అనేది అత్త. ఎవరూ పిలవలేదు.

ఆ మెట్ల పక్క అర్రలోనే మొదటిసారి ఒక టెస్టు పూర్తి చేశాను. అది ఆదివారం. ఇంట్లో అన్ని చప్పుళ్లూ ఉన్నాయి కానీ ఏ చప్పుడూ నాది కాదు. అత్త అన్నం వండింది. సురేందర్ కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చాడు. పిల్లకు జడలు కూడా తనే వేశాడు, ఒకటి పైకి, ఒకటి కిందికి. నేను లేవకపోయినా ఇల్లు నడిచింది. నా స్కోరు ఒక్కసారిగా పైకి లేచింది. అప్పటినుంచి నా చదువు ప్రణాళికను నా ఒంటి లెక్క చుట్టూనే అల్లుకున్నాను. కష్టమైన లెక్కలు, మొత్తం టెస్టులు ఆ మూడు రోజులకు. చిన్నచిన్నవి బస్సుకు. నన్ను ఏడిపించిన అర్ర కోసం నెలంతా ఎదురుచూడటం మొదలుపెట్టాను. తాళం వేసిన గదిని ప్రేమించే ఖైదీలా ఉన్నానని తెలుసు. తెలిసీ ఎదురుచూశాను.

మూడు రోజులు చాలక, ఒకరోజు అబద్ధం చెప్పాను. "అత్తమ్మా, బయటున్న" అన్నాను. ఒంట్లో ఏమీ లేదు. నోరు తడబడలేదు. ఆశ్చర్యం ఏమిటంటే, తలనొప్పి అని చెబితే నమ్మని ఇల్లు, చదువుకోవాలంటే నవ్వే ఇల్లు, ఈ మాటకు మారు మాట్లాడలేదు. చాప వచ్చింది, కంచం వచ్చింది, నిశ్శబ్దం వచ్చింది.

నెలకు రెండుసార్లు అవుతుంటే అత్తకు భయం పట్టుకుంది.

"గిదేంది పిల్లా, మొన్ననే గదా తలకు వోసుకున్నవు? గిట్ల వోతే మనిషి ఆగమైతది." మెంతులు నానబెట్టి ఇచ్చింది. బెల్లం పాలు ఇచ్చింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, గ్లాసు నాకు అందేంత దూరంలో పెట్టి, మళ్లీ గోడ పట్టుకుని లేచేది. నేను మాక్ టెస్టు రాస్తున్న ఫోన్ కొంగు కింద దాచేదాన్ని. ఒకరోజు ఆమె అలా లేవడాన్ని సరిగ్గా చూశాక మిగతా ప్రశ్నలు చేయలేకపోయాను. నా రెండు గంటలు ఎక్కడినుంచి వస్తున్నాయో నాకు కనిపించింది. అవి సురేందర్ ఇచ్చినవి కావు. ఆమె మోకాళ్లలోంచి వస్తున్నాయి.

"కోడలుకు ఏమో అయ్యింది, దవాఖానకు తోల్కపో" అని ఆమే కొడుకును పోరింది. ఖలీల్‌వాడిలో లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ సురేందర్‌ని బయట కూర్చోమని, నన్ను అడిగింది. ఎన్నాళ్లకోసారి, ఎన్ని రోజులు. నిజం చెప్పేశాను.

"మరి రెండోసారి?"

"చదువుకోవడానికి మేడం."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వు సగంలో ఆపేసి నన్నే చూసింది. తర్వాత సురేందర్‌ని లోపలికి పిలిచి, నా అబద్ధం బయటపెట్టకుండానే, మంచి మనసుతోనే, గట్టిగా కడిగేసింది. "మనిషికి ఏ రోగం లేదు. చదువుకున్నోళ్లయి ఉండి ఇంకా ఆడమనిషిని బయట కూసోవెడ్తున్నరా? సిగ్గనిపిస్తలేదా?"

నాకు సాయం చేయాలనే అంది. ఇంటికి రాగానే సురేందర్ నా కంచం, గ్లాసు తీసుకెళ్లి వంటింట్లో అన్నిటితో కలిపేశాడు. "అవ్వా, గీ పాత రివాజులు ఇయ్యాల్టి నుంచి బంద్. మన ఇంట్ల గియ్యి ఉండొద్దు."

"నీ ఇంట్ల నీ ఇష్టం కొడుకా" అంది అత్త. దేవుని అర్రలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది.

సాయంత్రానికి అతని వాట్సాప్ స్టేటస్‌లో మార్పు ఇంటినుంచే మొదలుకావాలని ఒక వాక్యం. చేతులు జోడించిన బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. మా ఆఫీసులో వేణు కూడా, "సార్ గ్రేట్ మేడం, మీరు లక్కీ" అన్నాడు. అవునన్నాను. నేను అడగాల్సింది, ఎన్నో ఏళ్ల కింద ఏడ్చి అడిగింది, ఇప్పుడు దొరికింది. ఆ నెల నిజంగానే నెలసరి వచ్చినప్పుడు, నడుము పీకుతుండగా చపాతీ పిండి పిసుకుతూ, పిండిలో పడిన కన్నీటి చుక్కను కలిపేశాను. దేనికి ఏడుస్తున్నానో ఎవరికైనా ఎలా చెప్పను? అవమానం పోయిందని ఏడ్చే ఆడది ఉంటుందా?

పక్కన ఉల్లిగడ్డలు తరుగుతున్న అత్త నా వైపు చూడకుండానే అంది: "మా అత్త నన్ను ఐదొద్దులు కూసోవెట్టేది. మస్తు తిట్టుకునేదాన్ని. గని గప్పుడే ఇంత పండుకునేదాన్ని పిల్లా. తర్వాత మళ్ల ఎన్నడు పగటీలి పండుకోలే."

ఆమె కూడా. నేను పిండి వదిలి ఆమె వైపు తిరిగాను. ఆ రోజంతా నా ఆలోచన, మొదటిసారి వంటింట్లోనే, చివరిదాకా వెళ్లింది. ఈ ఇంటికి నేను లేకుండా నడవడం వచ్చు. మూడు రోజులు నడిచింది, నేను అబద్ధం చెబితే ఆరు రోజులూ నడిచింది. రాదని కాదు, దేవుడు చెబితే నడుస్తుంది, నెత్తురు చెబితే నడుస్తుంది. నేను చెబితే నడుస్తుందా? ఎప్పుడైనా చెప్పి చూశానా?

ఆదివారం పొద్దున చాప తీసుకుని ఆ అర్రలోకి వెళ్లాను. తలుపు తెరిచే ఉంచాను. ఫోన్ కొంగు కింద దాచలేదు.

"మళ్ల అయ్యిందా?" అంది అత్త బెదురుగా.

"లేదు అత్తమ్మా. ఏం కాలే. ఆ రెండోసారి చెప్పినయి గూడ అబద్ధాలే. చదువుకోవాల్నని చెప్పిన."

ఆమె గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. సురేందర్ పళ్లు తోముకుంటూ వచ్చాడు. "అయితే గీడెందుకు గూసున్నవు? బంద్ జేసినం గదా జ్యోతీ?"

"మీరు బయట కూసోవెట్టుడు బంద్ జేసిండ్రు. నేనే కూసున్న. పరీక్ష రాస్తున్న. అయ్యేదాక లెవ్వను."

"మరి వంట?"

"అప్పుడు ఎట్ల అయింది?"

"అప్పుడంటే... తప్పదు గాబట్టి."

"ఇప్పుడు గూడ తప్పదు." ఫోన్ చాప మీద పెట్టాను. "అత్తమ్మ మోకాళ్లు నొస్తున్నయి. అన్నం మీరు వండుండ్రి."

బ్రష్షు నోట్లోనే ఉంది. తల్లి వైపు చూశాడు, ఆమె కోప్పడుతుందని, కోడల్ని లేపుతుందని. ఆమె ఏమంటుందో నాకూ తెలియదు. ఆ క్షణంలో ఆమె 'లే' అంటే లేచేదాన్నేమో.

"పోరా కొడుకా, మొఖం కడుక్కో" అంది అత్త. "కుక్కర్ల నీళ్లు ఎన్ని వోయాల్నో నేను గూసోని జెప్తతీ."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. నా చెవులు లేచి వెళ్లబోయాయి. వాటిని వెనక్కి పిలిచి కూర్చోబెట్టుకున్నాను. టెస్టు మొదలైంది. రెండో పేరా చదువుతుండగా సహస్ర నిద్రకళ్లతో వచ్చి, వెనకనుంచి నా మెడ చుట్టూ చేతులు వేసి, బరువంతా నా వీపు మీద వాల్చింది.

"అమ్మా, లే. జడెయ్యి."

ఆ వెచ్చదనం వీపంతా పాకింది. దాన్ని వదులుకోలేదు, స్క్రీను మీంచి కళ్లూ తిప్పలేదు.

"ఎంతసేపైనా పట్టుకో బిడ్డా" అన్నాను. "నేను మాత్రం లెవ్వను."